వెళ్ళని మనిషికి వీడ్కోలు

పోయిన వారం మనం సోల్వెయ్‌ని గుడ్రున్ ఇంటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ప్లమ్ పళ్ళ సంచీ. ఒకే బడిలో పాఠాలు చెప్పి, ఒకే ఏడాది రిటైరైన స్నేహితురాలి ఇల్లు కదా, తలుపు తట్టే అలవాటు లేదు. తోసుకుని లోపలికి అడుగు పెట్టింది. పట్టా మీద గుడ్రున్ చెప్పుల పక్కన మగవాడి బూట్లున్నాయి. గోధుమరంగు బూట్లు, ఎడమ మడమ బయటి వైపు అరిగిపోయి ఉంది, ఒకదానికి మాత్రం నల్ల లేసు. ఆ నల్ల లేసు కట్టింది సోల్వెయే. గోధుమరంగుది దొరక్క, ఎవరు చూడొచ్చారులే అని కట్టింది.

అవి ఆమె మొగుడు ఎస్కిల్ బూట్లు. ఆ వేళకి ఎస్కిల్ ఉప్సాలాలో తమ్ముడింట్లో ఉండాలి. లోపలి నుంచి గుడ్రున్ నవ్వు వినిపించింది, దాని వెనకే ఒక దగ్గు. నలభై ఏళ్ళుగా పక్కలో వింటున్న దగ్గు అది. సోల్వెయ్ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, పళ్ళ సంచీతో సహా మెట్లు దిగిపోయింది.

స్టాక్‌హోమ్ మగవాడు ఎంత దొంగపనికి వెళ్ళినా బూట్లు గుమ్మంలోనే విప్పుతాడు. బూటుకాళ్ళతో ఇంట్లోకి నడిచాడన్న మాట పడేకంటే పరాయి గదిలో పట్టుబడడమే నయం అనుకునే జాతి.

బూట్ల సంగతి అలా ఉంచి, అసలు చిక్కు ఇంటిది. హోర్న్‌స్టుల్ వంతెనకి ఇవతల రోన్నెన్ అని ఒక ఉమ్మడి ఇల్లుంది. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక మిగిలిన సగం జీవితం ఒంటరిగా గడపలేనివాళ్ళు అక్కడ చేరతారు. ఎవరి గదులు వాళ్ళవి. గుడ్రున్ గది కూడా అక్కడే. సాయంత్రం భోజనం మాత్రం వంతులవారీగా వండి అందరూ కలిసి తింటారు. అక్కడ ఇల్లు కావాలంటే ముందు బయటి సభ్యులుగా చేరి, ఏళ్ళ తరబడి వచ్చి ఉల్లిపాయలు తరిగి, అంట్లు తోమి, అందరి కళ్ళకీ అలవాటు పడాలి. సోల్వెయ్ తరిగింది, తోమింది. ఎస్కిల్ ఆ వైపు తొంగి చూసేవాడు కాదు. “నలభై మందితో బల్ల మీద కూచుని సూప్ తాగడానికి నేనేమన్నా సైన్యంలో ఉన్నానా?” అని వెక్కిరించేవాడు. అలాంటివాడు ఈ వసంతంలో ఉన్నట్టుండి “సరే, పద, అక్కడికే పోదాం” అన్నాడు.

ఎందుకు మారాడో ఆమె అడగలేదు. అడిగితే మళ్ళీ మనసు మార్చుకుంటాడని భయం. ఎన్‌షేదెలో ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఇద్దరూ చెప్పేశారు. రోన్నెన్‌లో మూడో అంతస్తు రెండు గదుల ఇల్లు ఖాళీ అయింది, వరసలో ముందున్నది వీళ్ళే. ఎవరికి ఏ ఇల్లో ఖాయం చేసేది హిల్డింగ్. “హిల్డింగ్ ఇంకా ఖాయం చెయ్యలేదు, ముసలాడు కదా, అన్నీ నిదానం” అని ఎస్కిల్ నెమ్మదిగా చెబుతూ వస్తున్నాడు. నెలాఖరుకి పాత ఇల్లు చెయ్యి జారుతుంది. అందులోకి వచ్చేవాళ్ళు ఇప్పటికే వచ్చి గోడల రంగులు చూసుకుని వెళ్ళారు. ఈ ఊళ్ళో ఒకసారి వదిలిన అద్దె ఇల్లు మళ్ళీ దొరకాలంటే మనిషికి ఇంకో జన్మ కావాలి. “మొగుణ్ణి మార్చుకోవడం తేలికే తల్లీ, ఇల్లు మార్చుకోవడమే కష్టం” అని గుడ్రున్ ఎప్పుడూ జోకేసేది. ఆ జోకుకి అందరికంటే గట్టిగా నవ్వేది సోల్వెయే.

ఇవాళ గురువారం. గురువారమంటే పసుపు బఠాణీల సూప్, పంది మాంసం ముక్కలు, ఆ తర్వాత పల్చటి అట్లు, స్ట్రాబెర్రీ జామ్. ప్రభుత్వాలు మారినా ఇది మారదు. ఇవాళ వంట వంతు సోల్వెయ్‌దీ గుడ్రున్‌దీ.

రానని చెబుదామనే అనుకుంది సోల్వెయ్. ఒంట్లో బాగాలేదని ఫోన్ చెయ్యబోయి, మళ్ళీ పెట్టేసింది. తప్పు చేసినవాళ్ళు దర్జాగా తిరుగుతుంటే తనెందుకు దుప్పట్లో దూరాలి? అదీ కాక, ఆ మూడో అంతస్తు ఇల్లు ఇంకా తనదే కావాలి. మొగుడు ఏ గుమ్మంలో బూట్లు విప్పినా, ఇల్లంటూ ఒకటి ఉంటే ఆ గోడల మధ్య కూచుని ఏడవచ్చు, తిట్టుకోవచ్చు, తర్వాతేం చెయ్యాలో ఆలోచించుకోవచ్చు. ఇల్లే లేకపోతే అదీ కుదరదు.

ఉమ్మడి వంటింట్లో అడుగు పెట్టగానే గుడ్రున్ ఎదురొచ్చి రెండు భుజాలూ పట్టుకుంది.

“వచ్చావా? నువ్వు కూచోవే. ఇవాళ నువ్వేం పని చెయ్యక్కర్లేదు.”

“ఏం, నా చేతులకేమైంది?”

“చేతులకేం కాలేదు. ఊరికే… అన్నీ నేను చూసుకుంటాలే.”

గుడ్రున్ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. సోల్వెయ్ ఒళ్ళు మండిపోయింది. ఏడవాల్సింది తను, కళ్ళు ఒత్తుకుంటున్నది ఇది. మాట్లాడకుండా ఏప్రన్ కట్టుకుని పెద్ద గిన్నె ముందు నిలబడింది. రాత్రంతా నానిన బఠాణీలు మెత్తబడ్డాయి. గరిటెతో అడుగు నుంచి కలపడం మొదలుపెట్టింది.

నడవాలో పోయేవాళ్ళు ఒక్కొక్కరే తలుపులోంచి తొంగి చూస్తున్నారు. ఒకావిడ లోపలికొచ్చి ఏమీ అనకుండా సోల్వెయ్ వీపు నిమిరి వెళ్ళిపోయింది. ఇంకొకాయన, ఎప్పుడూ సూప్‌లో ఉప్పు చాలదని సణిగే మనిషి, “ఇవాళ వాసన అదిరింది” అన్నాడు. ఇంకా ఉప్పే వెయ్యలేదు.

వీళ్ళందరికీ తెలుసన్నమాట, అనుకుంది సోల్వెయ్. గుడ్రున్ గదికి ఎవరొస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో అంతా చూశారు. చూసి జాలి పడుతున్నారు. ఊరందరికీ తెలిశాక చివరికి తెలిసేది పెళ్ళానికేనని ఊరికే అనలేదు. చెవులు వేడెక్కి, గరిటె తిప్పే చెయ్యి తనకి తెలియకుండానే జోరందుకుంది.

“గుడ్రున్,” అంది, గిన్నె మీంచి తల ఎత్తకుండా. “శనివారం నీకోసం ప్లమ్ పళ్ళు తెచ్చాను.”

“అవునా? నాకివ్వలేదేం?”

“నీ తలుపు దాకా వచ్చాను.”

గుడ్రున్ అట్ల పిండి గిలకొడుతోంది. గిలకొట్టడం ఆగి, మళ్ళీ మొదలైంది.

“తలుపు దాకా వచ్చి లోపలికి రాకపోవడమేంటే?” అంది మెల్లగా.

సోల్వెయ్ నోరు తెరిచింది. శనివారం నుంచి నోట్లో నానుతున్న మాట అది. నానీ నానీ ఆ బఠాణీల్లాగే మెత్తబడిపోయింది, తీరా నాలుక చివరికి వచ్చేసరికి పలకలేదు. అంతలో హిల్డింగ్ లోపలికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఓడల మీద వంటవాడు. ఇప్పుడు రోన్నెన్‌లో ఎవరు ఏ ఇంట్లోకి దిగాలో చూసే పెద్ద. మెళ్ళో టై కట్టుకున్నాడు.

“ఇంకా ఏప్రన్‌తోనే ఉన్నావా అమ్మాయ్? విప్పి రా. జనం కూచున్నారు.”

“టై ఏంటి హిల్డింగ్ గారూ, బఠాణీ సూప్‌కి?”

“సూప్‌కి కాదులే,” అని ఆయన ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళాడు. బల్ల మధ్యలో, అందరికీ కనిపించే కుర్చీలో కూచోబెట్టాడు.

గిన్నెలు వచ్చాయి, కరకరలాడే రొట్టెలు వచ్చాయి, ఆవముద్ద సీసా చేతులు మారింది. సోల్వెయ్ చెంచా ముంచిందే గాని నోటిదాకా పోలేదు. అట్లు వడ్డించకముందే హిల్డింగ్ లేచి చెంచాతో గ్లాసు మీద టింగుటింగుమని కొట్టాడు. ఇక్కడ గ్లాసు మోగిందంటే ఎవరో పుట్టినట్టు, పెళ్ళాడినట్టు, లేదా వెళ్ళిపోతున్నట్టు.

“నేను ఓడల్లో తిరిగినవాణ్ణి, నాకు ప్రసంగాలు రావు,” అన్నాడు హిల్డింగ్. ప్రసంగాలు బాగా వచ్చినవాళ్ళంతా మొదట అనే మాటే అది. “ఒక్కటే చెబుతాను. ఈ అమ్మాయి మన వంటింట్లోకి వచ్చిన మొదటి గురువారం సూప్ అడుగంటించింది. పాపం, ఎవ్వరం ఏమీ అనలేదు. రెండో గురువారం కూడా అడుగంటింది. అప్పుడు కూడా మనం ఏమీ అనలేదు.”

అందరూ నవ్వారు. సోల్వెయ్ కూడా నవ్వింది, అలవాటు కొద్దీ.

“మూడో గురువారం నుంచి ఇంత మంచి సూప్ ఈ ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. ఇప్పుడు మన ఖర్మ కాలి ఈ అమ్మాయి మనల్ని వదిలి ఊమెయో వెళ్ళిపోతోంది. కూతురి దగ్గరికి, మనవల దగ్గరికి. వెళ్ళొద్దనడానికి మనమెవరం? కానీ ఒక్క మాట చెప్పాలి. విడిపోయేటప్పుడు మనుషులు ఎలా బురద జల్లుకుంటారో అందరం చూశాం. కొందరం జల్లుకున్నాం కూడా. ఈ అమ్మాయి అలా చెయ్యలేదు. తన వంతుకి వచ్చిన ఇల్లు తనే వదులుకుంది. ఎస్కిల్‌నీ, మన గుడ్రున్‌నీ మనసారా ఆశీర్వదించి, ఇదిగో, చివరిసారి వచ్చి మనకి వండి పెట్టింది. ఇంత పెద్ద మనసు నేను ఏ రేవులోనూ చూడలేదు.”

ఎవరో ముక్కు చీదారు. ఒకావిడ వచ్చి పూలకుండీ ఒకటి సోల్వెయ్ ఒళ్ళో పెట్టింది, ఎర్ర జెరేనియం. నలభై మంది దాకా ఒక్కసారి లేచి నిలబడ్డారు. “సోల్వెయ్‌కి నాలుగు జేజేలు!” అన్నాడు హిల్డింగ్. హుర్రా అన్నారు. ఇంకోసారి అన్నారు. మూడోసారి, నాలుగోసారి. అద్దాలు అదిరాయి.

సోల్వెయ్ కుండీ పట్టుకుని కూచుంది. మొదట ఆమెకి ఏమీ అర్థం కాలేదు. వేరే సోల్వెయ్ ఎవరో ఉన్నారేమోనని పక్కకి కూడా చూసింది. తర్వాత ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చి తగలడం మొదలైంది. ఊమెయో. ఇల్లు వదులుకుంది. ఆశీర్వదించి. ఆ బూట్లు చూసి, మొగుడు చెయ్యి జారిపోయాడనుకుంది. పోయింది మొగుడొక్కడే కాదు. వసంతంలో “సరే, పద” అన్నాడే, ఆ ‘పద’లో తను లేనే లేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. గొంతు కోసి, పైగా జేజేలు కొట్టించారు.

సన్మానం జరిగినవాళ్ళు లేచి నాలుగు ముక్కలు మాట్లాడడం ఇక్కడి ఆచారం. అందరూ కూచుని ఆమె వైపే చూస్తున్నారు. సోల్వెయ్ కుండీ బల్ల మీద పెట్టి లేచింది.

“నేను ఊమెయో వెళ్తున్నానని మీకెవరు చెప్పారు?”

చిన్నగా ఎవరో నవ్వారు, అదేదో చమత్కారమనుకుని. ఆ నవ్వుకి తోడు దొరక్క అదే ఆగిపోయింది.

“ఎస్కిల్ చెప్పాడమ్మా,” అన్నాడు హిల్డింగ్. “ఆగస్టులో. మనం పీతల విందు చేసుకున్న రోజు.”

“ఇల్లు వద్దన్నానని?”

“అదీ అతనే చెప్పాడు. దరఖాస్తు మీ ఇద్దరిదీ కదా…”

“మరి నన్ను ఒక్క మాట అడగలేదేం హిల్డింగ్ గారూ? ప్రతి గురువారం మీ ఎదురుగా నిలబడి ఉల్లిపాయలు తరిగాను. మీ గిన్నెలో నా చేత్తో సూప్ పోశాను.”

హిల్డింగ్ టై వదులు చేసుకున్నాడు. “అది నీ సొంత విషయం కదా అమ్మాయ్. మీ కాపురం సంగతి. అడిగితే నొచ్చుకుంటావేమోనని…”

“నేనూ అడుగుదామనుకున్నాను,” అంది వీపు నిమిరిన ఆవిడ. “కానీ హిల్డింగ్ అడిగే ఉంటాడులే అనుకున్నా.”

“నేను గుడ్రున్ అడిగిందనుకున్నా,” అన్నాడు ఉప్పు చాలదనే పెద్దమనిషి.

ఒకరి తర్వాత ఒకరు అదే పాట. అందరికీ తెలుసు, అందరూ బాధపడ్డారు, ఆమె ముందు మాత్రం ఆ ఊసెత్తితే పాపమన్నట్టు నోరు కుట్టేసుకున్నారు. వేరే ఊళ్ళో అయితే ఎవరో ఒక ముసలమ్మ మెట్ల మీదే నిలేసి, “ఏమేవ్, మొగుణ్ణి వదిలేస్తున్నావటగా?” అని అడిగేసేది, ఆ పూటే గుట్టు రట్టయ్యేది. ఇక్కడ ఒకరి సంగతి ఒకరు అడగరు. మర్యాద. సోల్వెయ్ కూడా ఆ మర్యాదలో పుట్టి పెరిగిందే. బూట్లు చూసి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది తను కాదూ? ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

సరిగ్గా అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది. ఎస్కిల్. మేజోళ్ళతో, చేతిలో కొలతల టేపుతో, మూడో అంతస్తు నుంచి దిగి వస్తున్నాడు. “అట్లు అయిపోలేదు కదా?” అన్నాడు నవ్వుతూ. నిలబడి ఉన్న పెళ్ళాన్ని చూశాడు, పూలకుండీని చూశాడు. సోల్వెయ్ వంట వంతు వచ్చే గురువారమని లెక్క తప్పాడో, ఈలోపే తను తప్పించుకోవచ్చనుకున్నాడో గాని, తేలు కుట్టిన దొంగలా అక్కడే బిగుసుకుపోయాడు.

“ఏం కొలుస్తున్నావు?” అంది సోల్వెయ్.

“అది… సోల్వెయ్, ఇక్కడొద్దు. అందరి ముందూ ఏం బావుంటుంది? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఏ ఇంటికి?”

ఎస్కిల్ టేపు జేబులో దాచుకోబోయాడు.

“చెప్పు, ఏ ఇంటికి? ఎన్‌షేదె ఇల్లు నెలాఖరుకి పోతోంది, నువ్వూ నేనూ కలిసే వదులుకున్నాం. పై ఇల్లేమో నువ్వు కొలుచుకుంటున్నావు. ఏ ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం ఎస్కిల్? ఎక్కడ కూచోమంటావు నన్ను, రైలు స్టేషన్లోనా?”

“నీకు చెబుదామనే ఉన్నా. రోజూ అనుకుంటూనే ఉన్నా. తూవా దగ్గర నీకు హాయిగా ఉంటుంది, పిల్లలున్నారు…”

“తూవాకి తెలుసా, నేనొస్తున్నానని?”

“ఇంకా చెప్పలేదు.”

“బావుంది. నా ఇంటికి నేను రానని నువ్వే చెప్పావు. నా కూతురింటికి నేను వెళ్తున్నానని నువ్వే చెప్పావు. నా చావు కూడా నువ్వే చెప్పేస్తే పోయేది, ఈ కుండీ సమాధి మీద పెట్టుకునేవాళ్ళు.”

ఆ చివరి మాటలు అరుపయ్యాయి. ఏడవకూడదనుకుంది గాని కన్నీళ్ళు ఆమెని అడిగి రాలేదు. ఎస్కిల్ ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. నలభై ఏళ్ళలో ఆమె అరవగా అతను వినలేదు. ఇంకా అరుస్తుందేమోనన్న భయమే అతని మొహం నిండా ఉంది, పశ్చాత్తాపానికి అక్కడ చోటు లేదు.

అప్పుడు గుడ్రున్ లేచింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

“నాకు తెలియదు,” అంది. “సోల్వెయ్, నా మీద ఒట్టు. నువ్వు ఒప్పుకున్నావని వీడు నాతో చెప్పాడు. మీ ఇద్దరికీ ఎప్పుడో చెడిందనీ, నువ్వే తూవా దగ్గరికి పోతానన్నావనీ. నా సంగతి చెబితే ‘గుడ్రున్ అయితే నాకు ఇష్టమే’ అన్నావట. నేను ఎంత ఏడ్చానో తెలుసా ఆ మాట విని? ఇంత మంచిదాని రుణం నేనేమిచ్చి తీర్చుకోనని.”

“అంత ఏడ్చినదానివి, వచ్చి నన్ను ఒక్క మాట అడగకపోయావా?”

“నిన్ను బాధపెట్టడం ఇష్టం లేక.”

“కాదు. అడిగితే అబద్ధమని తేలుతుందని.”

గుడ్రున్ తల దించుకుంది. ఎస్కిల్ మెల్లగా తలుపు వైపు జరుగుతున్నాడు. ఉప్పు చాలదనే పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరిపి ఆ తలుపుకి అడ్డంగా కూచున్నాడు. మర్యాదకి కూడా ఒక హద్దుంటుంది.

హిల్డింగ్ కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక తాళంచెవి తీశాడు. బల్ల మీద, కుండీ పక్కన పెట్టాడు.

“కొలతలకని తలుపు తీసి ఇచ్చానే గాని తాళం ఇంకా ఎవరికీ అప్పగించలేదు,” అన్నాడు. “అప్పగించడం ఇవాళ భోజనాలయ్యాక అనుకున్నాం. తప్పు నాది, నేను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ఇల్లు ఇద్దరు ఉండేవాళ్ళకే ఇవ్వాలి, ఒక్కరికి ఇవ్వడం మన కట్టుబాటు కాదు. వరసలో ముందున్నది సోల్వెయ్. ఎవరితో ఉంటావమ్మా?”

సోల్వెయ్ ఎస్కిల్ వైపు చూసింది. అతను చటుక్కున తలెత్తాడు. ఆ క్షణంలో అతని కళ్ళల్లో ఒక చిన్న ఆశ కనిపించింది, ఆమె మళ్ళీ పిలుస్తుందేమోనని. దాన్ని చూశాక ఆమెకి అసహ్యం వేసింది. అతన్ని కాదంటే తను ఒక్కతే. ఒక్కతి అయితే ఇల్లు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“నాతో,” అంది గుడ్రున్.

హాలంతా ఆమె వైపు తిరిగింది.

“నాతో ఉంటుంది. నా ఒంటి గది నేను వదిలేస్తాను. వీడు ఎక్కడికి పోతాడో పోనీ.” గుడ్రున్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి సోల్వెయ్ చెయ్యి పట్టుకుంది. “మనిద్దర్నీ వీడు వెర్రివాళ్ళని చేశాడే. నన్ను క్షమించమని ఇప్పుడే అడగను. ముందు నీకో నీడ కావాలి. తర్వాత నన్ను రోజూ తిట్టు, ఎదురుగా ఉంటాగా, వెతుక్కోనక్కర్లేదు.”

“గుడ్రున్!” అన్నాడు ఎస్కిల్.

“నువ్వు నోర్ముయ్.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో అందుకున్నారు. వీపు నిమిరిన ఆవిడ మళ్ళీ ముక్కు చీదింది. సోల్వెయ్ మనసు గట్టిపరుచుకోవాలనే చూసింది గాని ఆ చెయ్యి వెచ్చగా ఉంది. బడిలో మొదటి రోజు టీచర్ల గదిలో తనకి కాఫీ తెచ్చి ఇచ్చిన చెయ్యి అది. తూవా పుట్టినప్పుడు ఆస్పత్రిలో పట్టుకున్నదీ అదే. అరవై దాటాక కొత్త స్నేహితులెక్కడ దొరుకుతారు? గుడ్రున్ కూడా మోసపోయిందే కదా. ఒకే కత్తి ఇద్దర్నీ కోసింది. క్షమించడం తర్వాత చూసుకోవచ్చు. తల వాల్చి, ఊఁ అనబోయింది. హిల్డింగ్ అప్పుడే తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె మెత్తబడడం గుడ్రున్ కనిపెట్టింది. సంతోషం ఆగక గబగబా మాట్లాడసాగింది.

“చూడు, ఎండ పడే గది నీకు. చిన్నది నాకు చాలు. నా పియానో హాల్లో పెట్టేద్దాం. వంటింటి కిటికీకి నువ్వు కుట్టిన ఆ పసుపు కర్టెన్లు కడదాం. పొద్దున్నే వాటి కింద కూచుని ఇద్దరం కాఫీ…”

సోల్వెయ్‌కి తర్వాతి మాటలు వినపడలేదు.

కర్టెన్లు ఆమె మొన్న శుక్రవారమే కుట్టింది. మూడో అంతస్తు వంటింటి కిటికీ కొలతలు గుర్తుపెట్టుకుని, ఎన్‌షేదెలో వంటింటి బల్ల మీద మిషన్ పెట్టుకుని కుట్టింది. కొత్త ఇంట్లో దిగాక అందరికీ చూపిద్దామని ఎవ్వరికీ చెప్పలేదు. చూసింది ఎస్కిల్ ఒక్కడే. “బావున్నాయి” అన్నాడు కూడా. ఆ మర్నాడే గుడ్రున్ గుమ్మంలో అతని బూట్లున్నాయి.

ఊమెయో వెళ్ళిపోయే మనిషి హోర్న్‌స్టుల్ కిటికీకి కర్టెన్లు కుట్టదు. ఆ సంగతి తెలిసిన మనిషికి, తను ఇక్కడికే రాబోతోందని కూడా తెలిసి ఉండాలి. శనివారమే తెలుసు. ఇందాక వంటింట్లో కళ్ళు ఒత్తుకున్నప్పుడూ తెలుసు. నాలుగు జేజేల్లోనూ గొంతు కలిపినప్పుడూ తెలుసు.

హిల్డింగ్ తాళంచెవి అందించాడు. సోల్వెయ్ అటు చూడలేదు.

“గుడ్రున్,” అంది, చప్పట్లు సద్దుమణిగేదాకా ఆగి. “నేను కర్టెన్లు కుట్టానని నీకెవరు చెప్పారు?”

గుడ్రున్ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. సోల్వెయ్ వదల్లేదు.